వరద నెలలో ఉప్పునీరు

మా సావిట్లో ఒక అద్దాల తొట్టె ఉండేది. అందులో సముద్రపు నీరు, ఆ నీటిలో నాలుగు చేపలు, ఒక మెత్తని పగడం. ఉంగరంలో పొదిగే రాయి కాదు, ప్రాణమున్నది. పుట్టగొడుగులా ఉండి, పైన దీపం వేయగానే ఒంటినిండా సన్నని వేళ్ళు చాచేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మద్రాసు నుంచి నేనే తెప్పించాను.

పక్షవాతం వచ్చాక నాన్నగారు పడకకుర్చీని దాని ఎదురుగా వేయించుకున్నారు. వీధివైపు కిటికీ మూయించేశారు. అందులోంచి చూస్తే ఒకప్పటి మా తూర్పు చేను కనిపిస్తుంది. దాన్ని కొన్నాయన వరి తీసేసి రొయ్యల చెరువులు తవ్వించాడు. రోజూ పొద్దున్నే నాన్నగారు పగడం గురించి అడిగేది ఒక్కటే.

"లేచిందా?"

"లేచిందండీ."

ఆయనకు అప్పుడు తెల్లవారేది.

ఆ ఏడు శ్రావణంలో పగడం అంచున నల్లటి కుళ్ళు కనిపించింది. బాగున్న భాగాన్ని కోసి వేరే నాటడం తప్ప దానికి మందు లేదు. సముద్రపు నీటికి కబురు పెట్టి, కొత్త బ్లేడు తీసుకున్నాను. ముక్కలను గవ్వపెంకుల మీద ఉంచి, జారిపోకుండా పాత దోమతెర గుడ్డతో కట్టాను. కొన్నాళ్ళకు పెంకును పట్టుకుని ఒక్కొక్కటీ ఒక పగడమవుతుంది. అంతకుముందూ చేసిన పనే. కాకపోతే కోసినప్పుడు అది జిగురూ విషమూ కక్కుతుంది. వెంటనే సగం నీరు మార్చాలి.

అంతర్వేది నుంచి నీరు తెచ్చే జాలరి ఖాళీ క్యాన్లతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏటి వరద వచ్చి కలిసిపోయిందండీ. సముద్రం ఎర్రగా ఉందండి. చెంబుతో ముంచుకు తాగేయొచ్చు, ఉప్పన్నదే లేదు."

"పడవ మీద లోపలికి వెళ్తే?"

"ఈ ఉరవళ్ళోనాండీ? మా ఆడది మీ గుమ్మంలో కూర్చుని ఏడుత్తాదండి." చెరువుల వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ చెరువులోరి రొయ్యపిల్లల హేచరీలో వరదకి ముందే పట్టి దాచిన నీళ్ళున్నాయండి. మీరడిగితే కాదంటారా?"

నాన్నగారు విన్నారు. మాట ముద్దగా వచ్చినా తెలిసింది.

"ఆ గేటు తొక్కద్దు."

"ముక్కలు బతకవండీ."

"బతక్కపోతే చస్తాయి. చేను పుచ్చుకున్నవాడి దగ్గర నీళ్ళు కూడానా?"

"ఆయ్" అన్నాను.

వంట ఉప్పు కలిపితే సముద్రమవదు. మద్రాసు నుంచి తొట్టెల్లో కలిపే సముద్రపు ఉప్పుపొడి వచ్చేలోగా తొట్టె పాలలా తెల్లబడింది. చేపలు తేలాయి. దోమతెర ముడులు విప్పితే లోపల వాసన తప్ప ఏమీ లేదు. తల్లి పగడం కూడా చీకిపోయింది. నాన్నగారు పొద్దున్నే అడుగుతూనే ఉన్నారు. "ఇంకా లేవలేదండీ" అంటూ వచ్చాను. తరవాత అడగడం మానేశారు.

ఎవరు చెప్పారో, చెరువులాయన వచ్చి మెట్టు కింద చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"కబురంపితే ట్యాంకరే పెడుదును గదండీ బాబుగారూ. నీళ్ళే గదండీ."

"అవసరం పడలేదండీ" అన్నాను. ఇప్పుడైనా అదే అంటాను.

తొట్టెను కడిగి పెరట్లో బోర్లించాక నాన్నగారి ఎదురుగా గోడ మిగిలింది. కొన్నాళ్ళు గోడనే చూశారు. ఒక పొద్దున కిటికీ తియ్యమన్నారు. చెరువుల్లో నీటికి గాలి పట్టించే చక్రాలు నురగ చిమ్ముతూ తిరుగుతున్నాయి.

"అవి ఆగవా?"

"ఆగితే రొయ్యలు చచ్చిపోతాయండీ."

కుర్చీ అటు తిప్పమన్నారు. తిప్పాను. పోయేదాకా అటే కూర్చున్నారు.