జగదాంబగారి కాసులపేరు

బోయిగూడలో బ్రహ్మచారికి ఫోటో స్టూడియో ఉంది. బతికున్నవాళ్లు సెల్‌ఫోన్లలో తమ ఫోటోలు తామే తీసుకుంటున్నారు కనుక, ఇప్పుడు ఆయన గిరాకీ అంతా పోయినవాళ్లతోనే. ఏ పెళ్లి గ్రూపు ఫోటోలోనో వెనక వరుసలో ఆవగింజంత కనబడే మొహాన్ని కంప్యూటర్లో పెద్దది చేసి, మెరుగులు దిద్ది, ఫ్రేము కట్టి ఇస్తాడు. ఆయన చేతిలో పడ్డాక నల్లవాళ్లెవరూ నల్లగా మిగలరు. పీక్కుపోయిన మొహాలకు బుగ్గలొస్తాయి. జన్మంతా నూలు చీరలు కట్టినామె పట్టుచీరలో తేలుతుంది. చచ్చాకైనా ఇంత కళ వచ్చిందని చుట్టాలు మురిసిపోతారు.

"నేనేం కలుపలే సార్. ఫోటోల ఉన్నదే బయటికి తీసిన" అంటాడు, ఎవరడిగినా. పచ్చి అబద్ధం. బోసి మెడ కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. కంప్యూటర్లో దాచుకున్న కాసులపేరు బొమ్మ ఒకటి తీసి అతికిస్తాడు. ఏళ్ల తరబడి అందరికీ అదే కాసులపేరు.

మారేడ్‌పల్లి రామభద్రరావుగారి తల్లి జగదాంబగారు పోయినప్పుడూ అంతే. ఆవిడ ఒక్కతే దిగిన ఫోటో ఇంట్లో లేదు. కూతురు సుమిత్ర పెళ్లినాటి గ్రూపు ఫోటోలో, మెడ నిండా కొంగు కప్పుకుని ఓ మూల నిలబడి ఉంది. బ్రహ్మచారి కొంగు జరిపి కాసులపేరు వేశాడు. తల్లి మెడలో ఏముందో రామభద్రరావుగారు ఎప్పుడు చూశారు గనక! కళ్లు తుడుచుకుని ఫ్రేము పట్టుకెళ్లారు.

పెద్దకర్మ రోజు మధ్యాహ్నం ఉన్నపళంగా రమ్మని ఆయన ఫోన్ చేశారు. ఇంకో ఆర్డరు కాబోలనుకుని బ్రహ్మచారి హుషారుగా బండి తీశాడు.

హాలు నిండా చుట్టాలు, గారెల వాసన. దండ వేసిన ఫోటో కింద సుమిత్ర గొంతు పెంచి మాట్లాడుతోంది.

"అమ్మ కాసులపేరు ఏమైందని అడిగితే తప్పా? బీరువా తాళాలు వదిన దగ్గరేగా ఉన్నాయి!"

వదిన మాధురి, రామభద్రరావుగారి భార్య, వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మంచాన పడ్డ అత్తగారిని చివరిదాకా ఎత్తి దించింది ఆవిడే. పొద్దున ఆవిణ్ణి మెచ్చుకున్న చుట్టాలే ఇప్పుడు అటు చూడకుండా వక్కపొడి నములుతున్నారు.

"ఆ కాసులపేరు పాత ఫోటోలోనే ఉందా, నువ్వు పెట్టావా?" అన్నారు రామభద్రరావుగారు, బ్రహ్మచారి గుమ్మం దాటగానే.

బ్రహ్మచారి చుట్టాల వైపు చూశాడు. వచ్చినవాళ్లలో సగం మంది ఇళ్ల గోడల మీద ఆయన చేతి పనే ఉంది. పెట్టానంటే పరువు పోతుంది. లేదంటే ఆ ఇల్లాలు దొంగవుతుంది. సిగ్గులేని మనిషి, కాసేపు ఆలోచించాడు కూడా. "ఫోటోల ఉన్నదే..." అని మొదలుపెట్టి మాధురి మొహం చూశాడు. ఆవిడ బతిమాలడం లేదు, ఏడవడం లేదు. అది ఆయన తట్టుకోలేకపోయాడు.

"గా అమ్మను పరేషాన్ చేయకుండ్రి సార్. నేనే పెట్టిన." ఫోన్ తీసి ఒక్కో ఫోటో చూపించాడు. "గీమెకు సుత గదే. గీమెకు సుత. మా అమ్మకు సుత గదే పెట్టిన."

ఒకావిడ తన అత్తగారి ఫోటో గుర్తుపట్టి గట్టిగా దగ్గింది. సుమిత్ర వదినతో ఏమైనా అంటుందని అందరూ చూశారు. ఆమె ఫోటో వైపు తేరిపార చూసి, "పోనీలే, అమ్మకి బానే నప్పింది. ఉండనీ" అంది. రామభద్రరావుగారు ఊపిరి పీల్చుకుని, "భోజనాలకు లేవండి" అన్నారు.

మాధురి కుర్చీ లాక్కుని ఎక్కింది. ఫోటో దించి బ్రహ్మచారి చేతిలో పెట్టింది.

"ఈ కాసులపేరు తీసేసి తెండి. ఆ మెడ వెనక పుండు పడితే రోజూ మందు రాసిందాన్ని నేను. అక్కడ ఏముందో ఏం లేదో నాకు తెలుసు."

బ్రహ్మచారి తలొంచుకున్నాడు. "గా పెద్దమ్మ ఎట్లుంటుండె తల్లీ, జెర చెప్పు" అన్నాడు. ఇన్నేళ్లలో ఎవరినీ ఆ మాట అడగలేదు.

మాధురి మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. జగదాంబగారి కొడుకూ కూతురూ ముక్కూ మొహం తెలియని మనిషి గురించి వింటున్నట్టు విన్నారు.