చెవి ఎత్తున పెట్టిన స్పీకర్లు

మా పెద్దమ్మ పోయిన సంగతి ఫోనులో మెసేజీగా వచ్చింది. "అమ్మ ప్రభువునందు నిద్రించింది" అని అన్న పెట్టాడు. అన్న అంటే ఆమె కొడుకు, నెల్లూరులో ఉంటాడు. చదవగానే ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పట్టపగలు కునుకు తీసేవాళ్ళను చూస్తేనే మండిపడే మనిషి ఆమె. నిద్రించింది అనే మాట అందరికీ సరిపోతుందేమో గాని మా పెద్దమ్మకు సరిపోదు.

భూస్థాపన నాడు ఇంకో మాట విన్నాను. "పాపం, ఏరి కోరి స్పీకర్లు కొనుక్కునింది. నిండా నాలుగు నాళ్ళు విన్లేదు" అని సమాధుల తోటలోనే చుట్టాలు అనుకున్నారు. జాలి పడ్డట్టే ఉంది గాని, అందులో 'మేం అప్పుడే చెప్పలా' అనేది కూడా ఉంది. ఇది రాస్తున్నది ఆ మాటకు జవాబుగానే.

గూడూరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డులో మా ఊరు. పెద్దమ్మ గూడూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. "చెవితో అన్నం తిన్నదాన్ని" అని చెప్పుకునేది. ఆదివారాలు మా చర్చి క్వయర్‌లో ఆల్టో పాడేది. అందరికీ తెలిసిన రాగం పైన నడుస్తుంటే, దాని కిందుగా ఇంకో గొంతు ఆనుకుని పోతూ ఉంటుంది చూడండి, అది ఆల్టో. కూరలో ఉప్పు లాంటిది. ఉన్నప్పుడు ఎవరూ దాని ఊసెత్తరు.

ఒక క్రిస్మస్‌కు ఆ క్వయర్ పాటల్ని ఎవరో క్యాసెట్ చేశారు. అందులో ఆల్టో పాడింది ఆమె ఒక్కతే. ఆ క్యాసెట్ ఇంట్లో ఎన్నిసార్లు పెట్టుకున్నా తన గొంతు తనకు వినబడేది కాదు. "నేను పాడినట్టు సాక్ష్యం యాడుంది పాపా?" అని నన్నడిగేది. నాకు నలభై దాటినా ఆమెకు పాపనే. నేను దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి తెచ్చినా అదే తంతు. ఇంతలో ఆమె కుడి చెవి మందగించడం మొదలైంది. అప్పుడు పట్టింది మొండిపట్టు. చెవులు పూర్తిగా పోకముందే తన గొంతు తాను వినాలి, అందుకు కొత్త స్పీకర్లు కావాలి.

ఇల్లంతా ఎదురు తిరిగింది.

"చెవికి మిషను పెట్టుకోమ్మా, స్పీకర్లెందుకు?" అన్నాడు అన్న.

"మిషను మీరు చెప్పేది వినేదానికిరా. స్పీకర్లు నాకు కావాల్సింది వినేదానికి."

"ఈ వయసులోనా?"

"వయసులో ఉన్నప్పుడు నన్ను తీరిగ్గా విననిచ్చినారా మీరు?"

అన్న రాజీకి వచ్చి, రంగురంగుల లైట్లు వెలిగే పెద్ద బ్లూటూత్ స్పీకర్ ఒకటి తెచ్చాడు. ఒక సాయంత్రం ఓర్చుకుంది. "దీన్ని పెళ్ళి ఊరేగింపులకు పెట్టుకోండి నాయనా" అని చర్చి కుర్రాళ్ళకు ఇచ్చేసింది.

కొనే ముందు ఉన్నవాటి సంగతి చూద్దామన్నాను నేను. ఉన్నవి బీరువా నెత్తిన, శ్లాబుకు మూరెడు కింద ఉన్నాయి. వెనకెప్పుడో ఒక తుఫానుకు ఇంట్లోకి మోకాటి లోతు నీళ్ళొచ్చాయి. అప్పటినుంచి మా వైపు ఇళ్ళల్లో విలువైనదల్లా పైకెక్కింది. బియ్యం డ్రమ్ము, పెళ్ళి ఫోటోలు, బైబిలు, స్పీకర్లు. ఆ తర్వాత నీళ్ళు మా గుమ్మం దాటింది లేదు, సామాను కిందికి దిగిందీ లేదు. పాట మా నెత్తుల మీదుగా పోయి ఎదుటి గోడకు తగిలేది. కింద కూర్చుని మేమేదో విన్నామనుకునేవాళ్ళం.

"దించి చూద్దాం పెద్దమ్మా" అన్నాను.

ఆమె కూడా జంకింది, అబద్ధమెందుకు చెప్పాలి. "ముసురు కాలం పాపా. నీళ్ళొస్తే ఎట్టా?" అని గుమ్మం వైపు చూసింది. కాసేపు బీరువా వైపు చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుంది.

"నీళ్ళకు జడిసి పాటను అటకెక్కించినామే. దించు. నీళ్ళొచ్చినప్పుడు ఎత్తుకుందాం."

ఆమె తన పేము కుర్చీలో కూర్చుంటే సరిగ్గా చెవి ఎత్తుకు వచ్చేట్టు రెండింటినీ రెండు స్టూళ్ళ మీద పెట్టాం. గోడకు ఆనించకుండా కాస్త ముందుకు జరిపాం. పాట మొదలవగానే ఆమె చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దంది. ఏదో ఉంది. రాగం కింద ఎవరో మెదులుతున్నారు. అంతలోనే బర్రుమని చప్పుడు. ముందున్న గుడ్డ తీసి చూస్తే, లోపలి అట్ట కోను చుట్టూ ఉండే ఫోమ్ ఉప్పుగాలికి చివికి వేలు తగిలితే రాలిపోతోంది. ఇంకెవరైనా నిట్టూర్చి వదిలేసేవాళ్ళు. ఆమె మర్నాడే నన్ను వెంటేసుకుని నెల్లూరు పోయి, అక్కడ అన్ననూ కలుపుకుని షాపుకు బయల్దేరింది.

షాపతను ముందుగా మనిషెత్తు స్పీకర్లు చూపించి సినిమా పాట పెట్టాడు. శ్రీహరికోటలో రాకెట్టు లేచినప్పుడు మా కిటికీలు అదిరినట్టు అక్కడి అద్దాలు అదిరాయి.

"బేస్ చూడండమ్మా" అన్నాడు గర్వంగా.

"చూసినా నాయనా. బేస్ లేదని నేనెప్పుడూ ఏడవలేదు. మధ్యలో పాడేవాళ్ళు యాడికి పోయినారు?" అని పెన్‌డ్రైవ్ ఇచ్చింది.

ఒకటి తర్వాత ఒకటి మార్చాడు. చప్పుడు పెరిగింది గాని ఆమె ముఖం మారలేదు. చివరికి మూలనున్న రెండు చిన్న చెక్క పెట్టెలు అడిగింది, టిఫిన్ క్యారియర్ కంటే కాస్త పెద్దవి. వాటిని టేబుల్ మీద పెట్టించి, కుర్చీ వేయించుకుని కళ్ళు మూసుకుంది. "ఇంత చిన్నవా?" అని అన్న నా చెవిలో గొణిగాడు. పాట సగానికి వచ్చేసరికి ఆమె పెదాలు కదులుతున్నాయి.

"ఉండాను" అంది కళ్ళు తెరవకుండానే. "ఇందులో నేను ఉండాను."

మా ఊరి వడ్రంగి వాటికి కుర్చీకి సరిపడే వేపచెక్క స్టాండ్లు చేసిచ్చాడు. ఆ తర్వాత ప్రతి సాయంత్రం ఆమె తనను తాను విన్నది. జ్వరం వచ్చి లేవలేని రోజుల్లోనూ మంచం ఆ ఎత్తుకు లేదని తలకింద రెండు దిండ్లు వేయించుకుని విన్నది. నాలుగు నాళ్ళు కూడా విన్లేదని లెక్క చెప్పేవాళ్ళు, అంతకు ముందు బతుకంతా వినలేదన్నది మాత్రం లెక్కలోకి తీసుకోరు. నాకు ఆమె కొన్నందుకు బాధ లేదు. పాటను అన్నేళ్ళు బీరువా మీద ఉంచినందుకే బాధ.

పోయినవాళ్ళ ఇంట్లో అందరూ చేరి ప్రార్థన చేసే ఆదరణ కూడిక నాడు నేను వెళ్ళేసరికి ఇంటినిండా ప్లాస్టిక్ కుర్చీలు. ఆ రెండు కొత్త స్పీకర్లూ పాతవాటి లాగే బీరువా నెత్తికెక్కాయి.

"దించన్నా" అన్నాను.

"ముసురు పట్టేటట్టుంది. ఇంట్లో ఎవురూ ఉండరు. నీళ్ళొస్తే?"

"నీళ్ళొచ్చినప్పుడు ఎత్తుకుందాం."

ఆ మాట ఎవరిదో అతనికి తెలుసు. వెళ్ళి స్టూలు తెచ్చాడు. చెరొకటి దించి వేపచెక్క స్టాండ్ల మీద పెట్టాం. "ఆదరణ కూడికలో పాటల డబ్బాలేందమ్మా?" అని ఒక పిన్ని అడ్డం వచ్చింది. పాస్టరుగారు బైబిలు మూసి, "ఆమె ఇల్లే గదమ్మా, పాడనీ" అన్నారు.

పెట్టాను. ఒకప్పుడు క్వయర్‌లో రాగం పాడిన పెద్దావిడ ముందు వరసలో కూర్చుని ఉంది. మొదట తన గొంతు విని నవ్వుకుంది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"అన్నేళ్ళు పక్కన నిలబడి పాడినా గదా" అంది మెల్లగా. "ఈమెను నేనెప్పుడూ విన్లేదే."

పాట అయిపోయేలోపే బయట వాన అందుకుంది. అందరూ గుమ్మం వైపు చూశారు. అన్న లేచి స్పీకర్ల దగ్గరికి నడిచాడు. ఎత్తేస్తాడనుకుని నేనూ లేచాను. వాటికి ఎదురుగా, ఎవరూ కూర్చోకుండా వదిలేసిన పేము కుర్చీలో అతను కూర్చున్నాడు. చెవి ఎత్తు కుదరక కాస్త కిందికి జారి, తల వెనక్కి ఆనించాడు.

"మళ్ళా పెట్టు" అన్నాడు.