పత్యం తప్పని రెబెకమ్మ

ఉదయగిరి పక్క పల్లె బళ్లో మధ్యాహ్న భోజనం వండే రెబెకమ్మది మంచి నోరు కాదని ఊరంతా అంటుంది, ఊరి నోరేదో మంచిదైనట్టు! గంజి ఒలికిన నేల మీద జారిపడి, మోకాలి కింద ఎముక విరిగిన రోజున కూడా ఆమె ముందు ఆ నున్నటి బండలు పరిచిన కాంట్రాక్టరును తిట్టింది, తర్వాతే ఏడ్చింది.

అక్కడ ఎముక విరిగితే ఆసుపత్రి కంటే ముందు పెంచలనరసయ్య అరుగు గుర్తొస్తుంది. తాతల నాటి నుంచి కట్లు కట్టే ఇల్లు. ఆయన ఎముక సర్ది, ఆకుపసరూ కోడిగుడ్డు సొనా పట్టించి, వెదురు దబ్బలు పెట్టి బిగించాడు. పిక్క మీద చర్మం చిట్లి నెత్తురు కారుతుంటే పసుపు అద్ది, దాన్నీ కట్టులోనే మూసేశాడు.

"నేను విప్పిందాకా ఎవురూ విప్పగూడదు. ఎండుచేప, వంకాయ, గోంగూర ముట్టబాకు. పాలన్నంలో బెల్లం కలుపుకోని పూటపూటా తిను. ఎముకకు బలం," అన్నాడు.

రెబెకమ్మకు ఎండుచేపంటే ప్రాణం. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తంటా అక్కడే వచ్చింది.

నెలన్నరకు కట్టు విప్పితే ఎముక అతకలేదు. పుండూ మానలేదు. నరసయ్య కట్టును అనుమానించే దమ్ము ఎవరికీ లేదు, నరసయ్యకు అసలే లేదు. అరుగు మీద పదిమంది ముందే అన్నాడు: "పత్యం తప్పినావు రెబెకమ్మా."

"ప్రభువు తోడు, ముట్టలేదు నరసయ్యన్నా!"

పక్కనే ఉన్న ఆడబిడ్డ సువార్తమ్మ ముక్కు మూసుకుంది. వాళ్లిద్దరివీ ఒకే గోడ ఇళ్లు. "ఒట్టెందుకులే వదినా. మీ ఇంట్లోనించి ఎండుచేప వాసన నాకు రోజూ వస్తానే ఉండాది."

ఇంకేముంది! ఆదివారం ఆరాధనయ్యాక ఆడవాళ్లు చుట్టూ చేరి, రెబెకమ్మ నాలుకకు అదుపు ఇమ్మని కన్నీళ్లతో ప్రార్థన చేశారు. రెబెకమ్మకు ఒళ్లు మండిపోయింది. ఇంకెవరైనా అయితే ఆ కోపంలో నిజంగానే చేప వేయించుకుని తినేవాళ్లు. ఈమె మొండిఘటం. నరసయ్య చేత మళ్లీ కట్టు కట్టించుకుని, వీధి గుమ్మంలో మంచం వేయించుకుని, వచ్చేపోయే వాళ్లందరికీ కనపడేలా మూడు పూటలా గిన్నెడు పాలన్నం, పిడికెడు బెల్లం తిన్నది. సువార్తమ్మ బయటికొచ్చినప్పుడల్లా గిన్నె ఎత్తి మరీ చూపించింది.

నోరు ఎండిపోతుంటే ఎండలు అనుకుంది. ఒళ్లు తగ్గిపోతుంటే దిగులు అనుకుంది. కాలు నొప్పి లేకపోతే, మానుతోందని సంబరపడింది.

జ్వరం ముంచుకొచ్చాక, కలిగిరిలో బట్టలషాపులో పనిచేసే కూతురు జెస్సీ వచ్చింది. ఆ వాసన చూసి, ఎవరినీ అడక్కుండా కట్టు కోసేసింది. అది చేప వాసన కాదు. లోపల కాలు కుళ్లుతున్న వాసన. అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని ఆత్మకూరులో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరు ముందు వేలు గుచ్చి చూశాడు. చక్కెర నాలుగు వందలు దాటి ఉంది. ఎన్నేళ్ల నుంచో ఉండి ఉంటుంది, ఎవరూ చూడలేదు అన్నాడు.

"చూడమ్మా. దెబ్బ తగిలిన చోటికి ముందు చెత్త ఎత్తే కణాలు వస్తాయి. క్రిముల్ని మింగి, చచ్చిన కండను ఎత్తేసి, మరమ్మతు చేసే కణాలకు చోటివ్వాలి. నెత్తుట్లో చక్కెర నిండితే అవి ఆలస్యంగా వస్తాయి, సరిగా మింగలేవు, పైగా వచ్చినవి చోటు ఖాళీ చెయ్యవు. కొత్త రక్తనాళాలు పుట్టవు. విరిగిన ముక్కల మధ్య ముందు మెత్తటి ఎముక అల్లుకోవాలి. దాన్ని గట్టిపరిచే కణాలు నీరసపడతాయి. ఎముకను తినే కణాలు మాత్రం ఆ మెత్తటిదాన్ని ముందే తినేస్తాయి. నరాలు మొద్దుబారాయి కాబట్టి నీకు నొప్పి తెలియలేదు."

రెబెకమ్మ మొహం వెలిగిపోయింది. "అయితే ఎండుచేప వల్ల కాదు గదా సార్?"

"చేపకూ దీనికీ ఏం సంబంధం? ఇన్నాళ్లూ ఏం తిన్నావు?"

"మూడు పూటలా పాలన్నం, బెల్లం. ఒక్క పూట గూడా తప్పలేదు!" అంది, బహుమతి అందుకునేదానిలా.

డాక్టరు పెన్ను కింద పెట్టేశాడు. తిన్న ప్రతి గిన్నే చక్కెరను ఇంకా ఎక్కించిందని నెమ్మదిగా చెప్పాడు. రెబెకమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. కాలు నిలబెట్టాలని ఆయన చాలా చూశాడు. విషం పైకి పాకుతుంటే చివరికి మోకాలి కింద తీసేయక తప్పలేదు.

ఇంటికొచ్చాక రెబెకమ్మ సువార్తమ్మతో మాట్లాడలేదు. నరసయ్య కట్లు కట్టే మంగళవారం పొద్దున్నే ఆటో పిలిపించుకుని, ఆయన అరుగెక్కి, చంకకర్రలు పక్కన పెట్టి, తెగిన కాలు అందరికీ కనపడేలా కూర్చుంది.

"ఏందమ్మా ఇది? జనం భయపడతారు, ఇంటికి పో," అన్నాడు నరసయ్య.

"భయపడాలనే వచ్చినాను."

"నేనేమన్నా కావాలని చేసినానా?"

"తెలీక చేసినావు. జెస్సీ వచ్చి అంతా చెప్పిపోయింది గదా. ఇప్పుడేం చేస్తావో చూసేదానికి కూర్చున్నాను. నా కాలు పోయిన అరుగు ఇది. లేపు, చూస్తాను."

అంతలో అనంతసాగరం నుంచి ఒకామె విరిగిన ముంజేయి పట్టుకుని వచ్చింది. నరసయ్య దబ్బలు అందుకున్నాడు.

"షుగర్ చూపించుకున్నావా తల్లీ?" అని అడిగింది రెబెకమ్మ.

"ఆమె మాట వినబాకు. పత్యం తప్పి కాలు పోగొట్టుకుండాది," అన్నాడు నరసయ్య, ఆమె వైపు చూడకుండా.

ఆ మనిషి తెగిన కాలు వంక చూసింది. "నిజంగా తప్పినావా అక్కా?"

"లేదమ్మా," అంది రెబెకమ్మ. "తప్పి ఉంటే ఈ కాలు ఉండేదేమో."

ఆ మనిషి ముంజేయిని గుండెలకు అదుముకుని అరుగు దిగింది.