బెరడు కోటల మేస్త్రి

తాపీ పని మానేసిన మేస్త్రిగారిని పలకరించడమంటే, ఆయన కట్టిన మేడలన్నిటినీ పునాదులతో సహా వినడానికి ఒప్పుకున్నట్టే. ఇప్పుడాయన చెట్టు బెరడులో బుల్లి కోటలు చెక్కుతున్నారు. నాలుక కొసను పళ్ళ మధ్య నొక్కిపట్టి గోరంత కిటికీని పూటంతా తొలుస్తారు. "ఆ బెరడు కాస్త ఎండలో పెట్టండి, పురుగుంటుంది" అని భార్య అంటే, "ఏడో క్లాసులో బడికంతా ఫస్టొచ్చినవాణ్ణి, నాకే చెప్తున్నావా?" అంటారు.

తన పెద్దకోటను గ్రంథాలయం అద్దాల బీరువాలో, కింద తన పేరుతో చూసుకోవాలని ఆయన ప్రాణం కొట్టుకుపోయేది. ఎట్టకేలకు లైబ్రేరియనమ్మ ఇంటికొచ్చి, కోటను చేతుల్లోకి తీసుకుని, "కిటికీలు ఎంత ముద్దుగా ఉన్నాయండీ!" అంది. అంతలో పై అంతస్తు కిటికీలోంచి ఒక తెల్లపురుగు తల బయటపెట్టి, తీరిగ్గా అటూ ఇటూ చూసింది. ఆమె కోటను గబుక్కున బల్లమీద పెట్టేసింది. "ఏమనుకోకండి మేస్త్రిగారూ, మా పుస్తకాలకు పాకితే కష్టం" అని చెప్పి వెళ్ళిపోయింది.

"ఇప్పుడేమంటారు?" అంది భార్య, నవ్వాపుకుంటూ.

మేస్త్రిగారు కోటను పురుగుతో సహా భార్య ముందుకు జరిపారు. తల మాత్రం దించలేదు.

"ఉత్త బొమ్మ కోటలు ఎవడైనా చెక్కుతాడే. ఓ ప్రాణి మెచ్చి కాపురముండే కోట చెక్కిన మొనగాణ్ణి ఈ వీధిలో ఇంకొకణ్ణి చూపించు!"