మగ్గానికి సెలవుంది, మా సర్‌కు లేదు

మా సర్ పోయిన సంగతి నాకు ధర్మవరం చీరల అంగళ్ల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. "సర్ పొద్దున గుండెనొప్పితో పోయినారంట. సర్వర్ పాస్‌వర్డ్ ఎవురి దగ్గరుండాది?" రెండూ ఒకే మెసేజీలో. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు, తగ్గాలని కూడా లేదు.

ఆయనది హిందూపురం. పట్టుచీరల అంగళ్ల వాళ్లు కలిసి ధర్మవరంలో పెట్టుకున్న లైనక్స్ సర్వర్‌ను ఆయనొక్కరే చూసేవారు. వాళ్ల వెబ్‌సైట్లన్నీ దాని మీదే. రోజూ ప్యాసింజర్ రైల్లో వచ్చేవారు. నేను పెనుకొండలో ఎక్కి ధర్మవరం కాలేజీ ల్యాబులో పనికి వెళ్లేదాన్ని. నాకు తెలిసిన సర్వర్ పనంతా ఆ రైల్లో, ఆయన బొరుగులు నములుతూ నేర్పించిందే.

"పాపా, అన్ని అధికారాలుండే రూట్‌గా లోపలికి పోవద్దు. మామూలు యూజర్‌గా పో, అవసరమైనప్పుడే ఆ అధికారం అడుగు" అనేవారు. సర్వర్‌కు కాపలా గోడ లాంటి ఫైర్‌వాల్‌ను మార్చే ముందు రెండో కనెక్షన్ ఒకటి తెరిచి పెట్టుకోమనేవారు. "లేకుంటే నీ తలుపు నువ్వే మూసుకొని బయట నిలబడతావు. అప్పుడు ఎవురొచ్చి తీస్తారు?" ఇక సర్వర్ తనలో జరిగేదంతా రాసుకునే లాగ్ ఫైళ్లు చదవకుండా దాన్ని రీస్టార్ట్ చేస్తే ఊరుకునేవారు కాదు. "నొప్పి యాడుందో అడక్కుండానే సూది పొడుస్తావా?" అని కసిరేవారు.

ఒక ఆయుధపూజ నాడు ఆయన వెళ్లేసరికి సర్వర్ ఆగిపోయి ఉందట. పెద్దంగడి షావుకారు ప్లగ్గు పీకేసి, కుంకుమ పెట్టి, పూలదండ వేసి ఉంచాడట. "మగ్గాలకు సెలవిస్తాం కదా సర్, పాపం దీనికి ఇయ్యొద్దా?" అన్నాడట. సర్ తిట్టలేదు. గాలి పోయే రంధ్రాల్లో ఇరుక్కున్న పూరేకులు ఏరి పారేశారు. ఆ మరుసటి ఏడాది నుంచి ఆ సెలవును తన పనికి వాడుకున్నారు. సైట్లు ఆగుతాయని అందరికీ ముందే చెప్పి, అప్‌డేట్లు వేసి, బ్యాకప్‌ను ఒక పాత కంప్యూటర్లోకి ఎక్కించి, ప్రతి సైటూ తెరిచి చూసేవారు. "తిరిగి తెరిచి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు పాపా, ఉత్త ధైర్యం" అనేవారు.

యంత్రానికి సెలవివ్వాలని తెలిసిన వాళ్లకు మనిషికి ఇవ్వాలని తెలియలేదు. ఛాతీలో పట్టేసినట్టు ఉంటోందని, బెంగళూరు వెళ్లి చూపించుకుంటానని, అన్నాళ్లూ సర్వర్ నా చేతికివ్వమని సర్ నా ముందే షావుకారును అడిగారు. "పెండ్లిళ్ల సీజన్ సర్. ఇప్పుడు కొత్తోళ్ల చేతికిస్తే ఎట్లా? ముహూర్తాలు అయిపోనీండి" అన్నాడు షావుకారు. ఆయన సరేనన్నారు. ఆ సరే అన్నందుకు ఆయన మీదా కోపమే నాకు. ఒక్క డిస్కును నమ్ముకోవద్దని నాకు నూరిపోసిన మనిషి, ఇంతమందికీ తానొక్కరే దిక్కుగా ఎలా ఉండిపోయారు? ముహూర్తాలు ఇంకా ఉండగానే వెళ్లిపోయారు.

కర్మలు కూడా కాకముందే షావుకారు నాకు ఫోన్ చేశాడు. "చీరల ఫోటోలు పెట్టినట్టే సైటు మీద సర్ ఫోటో పెట్టినామమ్మా, శ్రద్ధాంజలి అని. సగమే కనపడతాండాది. రొంత చూడు."

"చూసేదానికి నాకు పాస్‌వర్డ్ ఎవురిచ్చినారన్నా? ఆ పొద్దు ఆయన అడిగితే ఇచ్చింటే సరిపోయేది కదా!" అని అరిచాను.

ఏం జరిగి ఉంటుందో నాకు తెలుసు. పాత లాగ్ ఫైళ్లు తీసేసేవాళ్లు లేక డిస్కు నిండిపోయింది. ఫోటో ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో తెగిపోయింది. ఫోన్ పెట్టేసి ల్యాబులో ఆ పేజీ తెరిచాను. సర్ నుదురు వచ్చింది. కళ్లద్దాలు వచ్చాయి. ఆ కింద, నోరు ఉండాల్సిన చోటు నుంచి, అంతా బూడిదరంగు.