తీర్పుకు ముందు శ్రుతి

మా అక్క మొగుడు నోట్లో నాలుక లేని మనిషి. పేరున్న సంగీత దర్శకుడు బాణీ ఒకటి ఈల వేసి వెళ్ళిపోతే, దానికి వాద్యాలన్నీ కూర్చి, సినిమా మొత్తానికి రీరికార్డింగ్ చేసేది ఈయన. తెర మీద పేరు మాత్రం ఈల వేసినవాడిది. సన్మానసభల్లో బావ వెనక వరసలో కూర్చుని మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టేవాడు. ఆయన దగ్గరే వయొలిన్ వాయించే నాకు కడుపు మండిపోయేది.

తల నెరిశాక, సంగీతం ఆయన పేరు మీదే వేస్తామంటూ ఒక కోర్టు సినిమా చేతికొచ్చింది. చెయ్యని హత్యకు బోనెక్కిన తల్లి కథ. తీర్పు చదివే ముందు జడ్జి మంచినీళ్ళు తాగుతాడు, ఆవిడ జనంలో కొడుకు కోసం వెతుక్కుంటుంది. మాటల్లేవు. ఆ కాస్త జాగా కోసం బావ నెలల తరబడి రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు. ఇంట్లో కూనిరాగం తీసీ తీసీ అక్కకి కూడా కంఠతా వచ్చేసింది. "నాదని చెప్పుకోడానికి ఇదొక్కటుంటే చాలు" అన్నాడు ఆమెతో.

రికార్డింగ్ రోజు అలవాటు ప్రకారం ముందు శ్రుతి చూసుకున్నాం. సన్నాయి లాంటి ఓబో ఊదే ఆయన ఒక స్వరం పట్టుకుంటే, దాన్ని అందుకోడానికి మిగతావాళ్ళం తీగలు బిగిస్తూ, వదులు చేస్తూ కాసేపు గోల చేస్తాం. ఆ తర్వాత బావ రాసింది వాయించాం. అయ్యేసరికి సెల్లో వాయించే పెద్దాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

సౌండ్ ఇంజినీరు రికార్డింగ్ మిషను ముందే పెట్టేశాడు. మా గోల కూడా అందులో పడింది. ఎడిటింగ్ గదిలో పొరపాటున ఆ గోలే తీర్పు సీను కింద మోగింది. డైరెక్టరు పొంగిపోయి బావని పిలిపించాడు.

"ఎవరూ ఎవరితో కలవట్లేదు. ఏం జరగబోతోందో తెలీట్లేదు. భలే ఊహించారండీ."

"అది సంగీతం కాదండీ. శ్రుతి చూసుకుంటున్నాం."

"మీకు మరీ మొహమాటమండీ" అని నవ్వాడాయన. ఆ మనిషికి చెవులున్నది కళ్ళజోడు తగిలించుకోడానికే. బావ రాసింది తీసి పక్కన పడేశారు. నేను వెళ్ళి గొడవ పెట్టుకుంటానంటే బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దురా. పేరు తీసేస్తారేమో."

ఆ భయం చూసి నాకు ఏడుపొచ్చింది.

మొదటి ఆటకి అక్కతో వెళ్ళాం. ఆవిడకి ఆయన ఏమీ చెప్పలేదు. తీర్పు సీనులో ఆ గోల మొదలైంది. "మీది ఎప్పుడొస్తుందండీ?" అని అక్క ఆయన చెవిలో అడిగింది.

"ఇదే" అన్నాడు బావ.

హాలంతా చప్పట్లు కొట్టింది. అక్క కొట్టలేదు.

ఇప్పుడు బావకి ఊపిరి సలపనంత పని. వచ్చిన ప్రతి నిర్మాతకీ ఆ కోర్టు సీనులాంటిదే కావాలి. బావ ఆ గోలని ఎవరి వంతు వాళ్ళకి కాగితం మీద చక్కగా రాసిస్తున్నాడు. రికార్డింగ్ హాల్లోకి రాగానే మిషను ఆపించి మమ్మల్ని శ్రుతి చూసుకోమంటాడు. తర్వాత మిషను పెట్టించి, శ్రుతి చూసుకుంటున్నట్టు వాయించమంటాడు.