నల్లనీటి చేపలు, అప్పలమ్మక్క

ఇవాళ చేపల తొట్ల కోసం ఎండు బాదం ఆకులు నానేశాను. నీళ్ళలోకి పలచటి టీ రంగు దిగింది, వాన వెలిశాక ఆకులు మురిగిన వాసన వచ్చింది. ఆ వాసనకి అప్పలమ్మక్క గుర్తొచ్చింది. ఆవిడ గురించి ఎప్పుడో రాయాల్సింది. కానీ నాకు అక్షరాలు వచ్చిందే అరవై దాటాక. అవీ ఆవిడ పెట్టిన భిక్షే.

అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో, నేనుండే మా అమ్మాయి ఇంటి పక్కిల్లు ఆవిడది. పుట్టింది మలేషియాలో. తాతల కాలంలో తోట పనికి వెళ్ళిన తెలుగువాళ్ళు. ఆవిడ గరాజ్‌లో కారు ఉండేది కాదు, నిండా గాజు తొట్లే. వాటిలో చిటికెన వేలంత కూడా లేని చేపలు. అవి మలేషియా చిత్తడి అడవుల్లో, ఆకులు మురిగిన నల్లటి వాగుల్లో పుట్టినవి. ఆ అడవుల్లో కాలవలు తవ్వి, నీళ్ళు తీసేసి, పామాయిల్ తోటలు వేశారట.

"మా నాన్న కూడా ఆ కాలవలు తవ్వాడే," అంది ఒకసారి. "కూలివాడు, ఏం చేస్తాడు? నేను కూలిదాన్ని కాను. ఈ చేపని పోనివ్వను."

ఒక్కో వాగు చేపది ఒక్కో వంశం. ఆడచేపలన్నీ చూడ్డానికి ఒకటే, కలిస్తే ఇక విడదియ్యలేం. అందుకని ప్రతి తొట్టికీ వాగు పేరు తెలుగులో రాసి అంటించేది. ఒకరోజు తొట్లు కడుగుతూ, చేపలున్న గిన్నె నా చేతికిచ్చి, "చీటీ చూసి వెయ్యి" అంది. చదవడం రాదని చెప్పడానికి సిగ్గేసింది. అంచనాగా ఒక తొట్టిలో వంచేశాను. అది వేరే వాగుది.

వంశాలు కలిసిపోయాయని ఆవిడ ఆ తొట్టి చీటీ పీకేసింది. ఆ తొట్టి చేపల్ని చచ్చేదాకా మేపింది గానీ వాటి గుడ్లు మాత్రం పెంచలేదు. ఆ వాగు చేపలు ఇంకొక్క తొట్టిలోనే మిగిలాయి.

"తిట్టక్కా," అన్నాను ఆ రోజే.

"తిడితే నీకు చదువొస్తుందా? కూర్చో. ముందు ఈ చీటీలు దిద్దు."

"ఈ వయసులోనా?"

"చేపలకి నీ వయసుతో పనేంటే!"

పోయిన చలికాలం ఆవిడ పోయింది. కర్మలయ్యాక వాళ్ళబ్బాయి వచ్చాడు.

"ఆంటీ, హౌస్ సేల్‌కి పెడుతున్నాం. ఫిష్ అన్నీ పెట్ షాప్‌కి ఇచ్చేస్తా."

"అన్నిటినీ ఒకే తొట్టిలో పోస్తారు నాయనా."

"అన్నీ సేమ్ ఉంటాయి కదా ఆంటీ. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. ఒక్కదాన్ని కూడా ఇవ్వను."

"మరి ఎక్కడ పెడతారు?" అని నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే అల్లుడు కాఫీ తాగుతుంటే, కారు తాళాలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. "ఇవాళ్టి నుంచి కారు బయట పెట్టుకోండి బాబూ," అని చెప్పి, మా గరాజ్ ఊడవడం మొదలుపెట్టాను.